బొమ్మ మిగలాలి, చెయ్యీ మిగలాలి



సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఒక అలవాటు ఉంది. ఏ మంచి వస్తువు కంటబడినా "ఇది మనదా, వాళ్ళదా?" అని ముందు అడుగుతాం. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, కచేరీలో మరొక భాష మాట్లాడే వాళ్ళం గనుక ఈ ప్రశ్న మనకు సహజమే. అయితే ఈ ప్రశ్నకు లొంగని వస్తువు ఒకటి ఉంది. అదే తోలుబొమ్మ. దాని గురించి, దానిని కాపాడటానికి లాభాపేక్ష లేని సంఘాలు ఏం చేశాయో, ఏం చేయాలో ఆ సంగతుల గురించి ఈనాడు నాలుగు మాటలు చెప్పుకుందాం.

మనం తోలుబొమ్మలాట అంటాం. కన్నడిగులు తొగలు గొంబెయాట అంటారు. తమిళులు తోల్ పావై కూత్తు అంటారు. ఒడిశాలో రావణఛాయ అనే ఆట ఉంది. అక్కడి బొమ్మకు కీళ్ళు ఉండవు, ఒకే తోలుముక్కలో కోసిన బొమ్మ. మహారాష్ట్రలో సింధుదుర్గ్ జిల్లా పింగుళి ఊళ్ళో ఠాకర్ కులస్థులు తోలుబొమ్మలు ఆడిస్తారు. అన్నింటిలోకీ పెద్ద బొమ్మ మన తెలుగువారిది. నిలబెడితే మనిషి ఎత్తుకు వచ్చే బొమ్మలు కూడా ఉంటాయి.

ఇంకొక విశేషం వినండి. అనంతపురం వైపు తెలుగులో రామాయణం ఆడే కళాకారుల కుటుంబాలు చాలావరకు ఇంట్లో మాట్లాడుకునేది ఒక రకమైన మరాఠీ. కర్ణాటకలో కన్నడంలో ఆడే కిళ్ళెక్యాత కుటుంబాలదీ అదే తీరు. తమిళనాడులో ఆడే మండిగర్లదీ అంతే. ఇంట మరాఠీ, తెరమీద తెలుగో కన్నడమో తమిళమో! మరి ఈ బొమ్మ ఎవరిది? ఏ రాష్ట్రపు సరిహద్దు గీతా దీనిని కోయలేదు. పాల్కురికి సోమనాథుడు పదమూడో శతాబ్దిలో పండితారాధ్య చరిత్రలో ఈ ఆట ప్రస్తావన చేసేనాటికి ఈ గీతలేవీ లేవు.

బొమ్మ ఎలా తయారవుతుందో చాలామందికి తెలుసు. అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడతారు. వెలుతురు అవతలికి కనబడేంత పలచనయ్యే దాకా ఆ పని సాగుతుంది. దానిమీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో నగలకూ బట్టల అంచులకూ చిల్లులు పొడుస్తారు. రెండు వైపులా రంగులు వేస్తారు. చేతులూ కాళ్ళూ విడిగా కోసి కీళ్ళ దగ్గర దారంతో కడతారు. నడుమ చీల్చిన వెదురుబద్ద బిగిస్తారు. ఆటనాడు తెల్లని తెర, దాని వెనుక దీపం, హార్మోనియం, మద్దెల, తాళాలు, కాలికింద చప్పుడుకు ఒక చెక్కపలక. సీతమ్మ మాట ఆడవారు పలుకుతారు. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. తెల్లవార్లూ సాగే ఆట అది.

చూశారా, ఇందులో మూడు సంపదలు ఉన్నాయి. ఒకటి బొమ్మ, రెండవది బొమ్మను చేసే చెయ్యి, మూడవది దాన్ని ఆడించే మాటా పాటా. ఒకటి కాపాడితే మిగతావి వాటంతట అవే మిగులుతాయని అనుకోవడం పొరపాటు. ఈ రోజు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే.

ఈ సంపదను ఎవరు కాపాడాలి? ప్రభుత్వం ఉంది, అవార్డులు ఇస్తుంది, పింఛన్లు ఇస్తుంది. అయితే రాష్ట్ర ప్రభుత్వాల శాఖలు రాష్ట్రాల లెక్కన నడుస్తాయి. సరిహద్దుకు అటూ ఇటూ తిరిగే కళాకారుడి దరఖాస్తు ఏ ఆఫీసులో వెయ్యాలన్నదే ఒక సమస్య. వ్యాపారి ఉన్నాడు. అమ్ముడుపోయేదే కొంటాడు. అది అతని ధర్మం. ఈ ఇద్దరి మధ్యా మిగిలిపోయిన పనిని భుజాన వేసుకునేవే లాభాపేక్ష లేని సంఘాలు. సంఘానికి ఆదాయం ఉండకూడదని కాదు. వచ్చిన మిగులును సభ్యులు పంచుకోకుండా మళ్ళీ ఆ పనికే పెట్టాలి. తేడా అంతే.

ముందు బొమ్మను దాచిన సంఘాన్ని చూద్దాం. 1960లో బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏర్పడింది. దానికి ప్రాణం పోసిన వారిలో ఎం.ఎస్. నంజుండరావు గారు ముఖ్యులు. ఆయన స్వయంగా చిత్రకారులు. పల్లెపల్లెకూ తిరిగి, కళాకారుల పెట్టెల్లో మగ్గుతున్న తోలుబొమ్మలను సేకరించి, పరిశోధించి, పుస్తకం కూడా రాశారు. ఆ బొమ్మలు ఇప్పుడు పరిషత్తు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పరిషత్తే చిత్రకళా కళాశాల నడుపుతుంది. ఏటా చిత్రసంతె పేరుతో వీధిలోనే బొమ్మల సంత పెట్టి, చిత్రకారుడు నేరుగా కొనేవాడికి అమ్ముకునే ఏర్పాటు చేసింది.

ఈ సేకరణ వెనుక ఒక చిక్కు ఉంది. వాడి వాడి జీర్ణమైన బొమ్మను నీటిలో వదిలే ఆచారం కొన్ని కళాకారుల కుటుంబాల్లో ఉంది. వారి దృష్టిలో రాముడి బొమ్మ వస్తువు కాదు, ఇంట్లో మనిషి. మనిషికి చేసినట్టే దానికీ చివరి మర్యాద చేస్తారు. మ్యూజియం వారి దృష్టి వేరు. ఆ బొమ్మ పోతే రెండు వందల ఏళ్ళ కిందటి పనితనం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం పోతుంది. ఎవరి మాట ఒప్పు? ఇద్దరిదీ ఒప్పే. కాబట్టి సేకరించేవాడు ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి, అడిగి, ఒప్పించి తీసుకోవాలి. ఎవరి చేతి బొమ్మో పేరు రాసి పెట్టాలి. పేరు లేని బొమ్మ అద్దాల బీరువాలో అనాథ.

ఇక చేతి సంగతి. శ్రీ సత్యసాయి జిల్లా, అంటే మునుపటి అనంతపురం జిల్లా, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరు ఉంది. అక్కడి కుటుంబాలు తరతరాలుగా తోలుబొమ్మలు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సినిమా వచ్చి, ఆ తరువాత టీవీ వచ్చి రాత్రంతా ఆట చూసేవారు తగ్గిపోయారు. అప్పుడు ఆ చేతులు ఏం చేశాయి? అదే తోలుతో, అవే ఉలులతో లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు, తలుపు తెరలు చేయడం మొదలుపెట్టాయి. హస్తకళల సంఘాలు, ప్రదర్శనలు నడిపేవారు వాటికి పట్నాల్లో గిరాకీ చూపించారు.

దీని మీద రెండు మాటలు వినబడతాయి. "దేవుణ్ణి దీపానికి గొడుగు చేశారు" అని ఒకరు బాధపడతారు. "ఆ గొడుగే లేకపోతే ఈపాటికి ఉలి పట్టుకునేవాడే ఉండేవాడు కాదు" అని ఇంకొకరు అంటారు. రెండో మాటను తోసిపుచ్చలేం. పొట్ట గడవనిదే కళ గడవదు. కానీ మొదటి మాటలోనూ నిజం ఉంది. లాంప్‌షేడుకు కథ అక్కరలేదు, గొంతు అక్కరలేదు. చెయ్యి మిగిలింది, పాట మెల్లగా జారిపోతోంది. కాబట్టి గిరాకీ చూపించిన సంఘం పని అక్కడితో అయిపోలేదు, సగమే అయింది.

ఒడిశాలో ఉన్న మన శ్రోతలకు రఘురాజపురం పేరు కొత్త కాదు. పూరీకి దగ్గరలో పటచిత్రాలు రాసే చిత్రకారుల ఊరు. 1950ల తొలి ఏళ్ళలో ఆ విద్య బాగా సన్నగిల్లి, చాలామంది వేరే పనుల్లోకి మళ్ళారు. అప్పుడు క్వేకర్ల సేవాసంస్థ పనిమీద ఒడిశాలో ఉన్న హలీనా జీలీ అనే విదేశీ మహిళ ఆ చిత్రకారులను వెతికి, ప్రోత్సహించి, పోటీ పెట్టి, మళ్ళీ కుంచె పట్టించారు. 1984లో ఢిల్లీలో ఏర్పడిన ఇంటాక్ అనే సంస్థ ఆ తరువాత ఈ ఊరిని ఎంచుకుని, 2000లో వారసత్వ గ్రామంగా తీర్చింది. ఊరి ఇళ్ళ గోడలే చిత్రాలతో పలకరిస్తాయి. కొనేవాడు ఊరికే వస్తాడు, చిత్రకారుడు పట్నానికి వలస పోనవసరం లేదు.

ఎవరో వచ్చి ఆదుకునే దాకా ఆగకుండా, చిత్రకారులే కలిసి నిలబడిన కథ కూడా ఉంది. మద్రాసు ప్రభుత్వ కళాశాలలో చిత్రకళ నేర్పిన కె.సి.ఎస్. పణిక్కర్ గారు ఒక సంగతి గమనించారు. చదువు పూర్తిచేసిన కుర్రవాళ్ళకు బొమ్మలు అమ్మి బతికే దారి లేదు. ఏదో ఉద్యోగంలో చేరి కుంచె వదిలేస్తున్నారు. అందుకని అందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. తమ చిత్రాలు తాము వేసుకుంటూనే, తీరిక వేళల్లో బాతిక్ బట్టలూ, లోహపు పనులూ చేసి అమ్మారు. కూడబెట్టిన డబ్బుతో 1966లో మద్రాసుకు దక్షిణంగా సముద్రపు ఒడ్డున ఇసుకనేల కొన్నారు. అదే చోళమండలం కళాకారుల గ్రామం. మైసూరు నుంచి వెళ్ళిన ఎస్.జి. వాసుదేవ్ గారి వంటి వారు ఆ తొలి జట్టులో ఉన్నారు. అక్కడే ఇళ్ళు, అక్కడే పని, అక్కడే ప్రదర్శనశాల. పణిక్కర్ గారు 1977లో పోయారు. గ్రామం ఇప్పటికీ ఉంది. ఒక మనిషి మీద కాకుండా సంఘం మీద నిలబడింది కాబట్టే ఉంది.

మూడవది మాటా పాటా. ఇందుకు పింగుళి ఊరిదే మంచి ఉదాహరణ. పరశురామ్ గంగావణే గారి కుటుంబం తరాలుగా తోలుబొమ్మలు, కీలుబొమ్మలు ఆడించే కుటుంబం. ఆయన తమ పశువుల కొట్టాన్నే శుభ్రం చేసి, 2006లో చిన్న మ్యూజియంగా మార్చారు. పాత బొమ్మలు అక్కడ ఉంటాయి, ఆట కూడా అక్కడే జరుగుతుంది. చూడవచ్చిన పిల్లలకు ఆడించడం నేర్పుతారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మ, చెయ్యి, పాట మూడూ ఒకే కప్పుకింద ఉన్న చోటు అది. దానికి కావలసి వచ్చింది పెద్ద భవనం కాదు, ఒక కొట్టం!

మన సరిహద్దు ఊళ్ళకు ఈ మూడవ సంపదే అన్నిటికన్నా ముందు పోయే ప్రమాదం ఉంది. బొమ్మను ఏ భాషవాడైనా చూసి మెచ్చుకుంటాడు. జుట్టుపోలిగాడి తెలుగు ఎకసెక్కం తెలుగు వచ్చినవాడికే అందుతుంది. బడిలో తెలుగు చదవని పిల్లలు మన ఇళ్ళలో ఎక్కువవుతున్నారు. వాళ్ళకు ఆ పాట అందకపోతే, దాన్ని అడిగేవాడు ఉండడు. అడిగేవాడు లేని పాటను ఏ మ్యూజియమూ నిలబెట్టలేదు.

అందుచేత కళల పేరు చెప్పి ఏ సంఘం మీ గుమ్మంలోకి చందా కోసం వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. మీరు దాచిన బొమ్మ మీద చేసినవాడి పేరు ఉందా? అమ్మిన ధరలో చేసినవాడికి ఎంత ముట్టింది? ఆ ఇంటి పిల్ల ఉలి పట్టుకుంటోందా, పాట నేర్చుకుంటోందా? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగితే సంతోషంగా రసీదు తీసుకుని చందా ఇవ్వండి. జవాబు లేకపోతే నమస్కారం పెట్టి పంపించండి.

మనమే ఒక సంఘం పెట్టుకోవడమూ కష్టం కాదు. ఏడుగురు చాలు. ఒడిశా, మహారాష్ట్రలలో 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడా నమోదు కావాలి. కర్ణాటకకు 1960లో, తమిళనాడుకు 1975లో, ఆంధ్రప్రదేశ్‌కు 2001లో వేరుగా చట్టాలు వచ్చాయి. సంఘం ఆశయాలు, నియమాలు రాసి, ఏడుగురూ సంతకాలు చేసి, రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టాలి. ఆ తరువాత ఏటేటా సభ జరపాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. చాలా సంఘాలు మూలపడేది డబ్బు లేక కాదు, ఈ లెక్కలు రాయక. కనుక ఆ ఏడుగురిలో ఒకరు లెక్కలు వచ్చినవారు, ఒకరిద్దరు కళాకారుల ఇంటివారు తప్పకుండా ఉండేలా చూసుకోండి.

సంఘం పెట్టేంత ఓపిక లేదంటారా? ఇంకొక చిన్న పని ఉంది. మీ ఊరికి దగ్గరలో తోలుబొమ్మలు ఆడించిన కుటుంబం ఉంటే, ఆ ఇంటి పెద్దను వచ్చే పండుగకు మీ బడికి పిలవండి. రాత్రంతా ఆట వద్దు, ఒక గంట చాలు. ఉచితంగా అడగకండి, తగిన సంభావన ఇవ్వండి. ఆయన పాడింది ఫోనులో రికార్డు చేసి, ఆయన అనుమతితోనే దాచండి. తెలుగు చదవడం రాని పిల్లవాడు కూడా ఆ గంటలో తెలుగులో నవ్వుతాడు.

మనదా, వాళ్ళదా అన్న ప్రశ్నను ఇక పక్కన పెడదాం. ఎవరు పోషిస్తే బొమ్మ వాళ్ళది. రెండు మూడు భాషలు తెలిసిన మనకంటే ఈ పనికి తగినవాళ్ళు ఇంకెవరుంటారు?