బడిలోని తెర - పంచాయతీ బాధ్యత
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



ప్రాథమిక పాఠశాలలోనికి వచ్చిన టెలివిజను, ట్యాబు, ఫోను మొదలైన సాధనములను గూర్చి నేడు మీతో కొంచెము ముచ్చటింపదలచితిని. “ఇది అయ్యవార్ల పని, మాకేమి సంబంధము?” అని మీలో కొందరు తలపవచ్చును. సంబంధము కలదని మనవి చేయుటయే నా ఉద్దేశము.

యంత్రము పాఠము చెప్పుట మన పల్లెలకు నేటి వింత కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజను కార్యక్రమములను పంపు గొప్ప ప్రయోగము మన దేశమున జరిగినది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహమును మన ఇస్రో శాస్త్రజ్ఞులు అందుకు వినియోగించిరి. ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములు ఎన్నికైనవి. వానిలో నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. ఇనుపవలతో చేసిన పెద్ద గొడుగువంటి ఏంటెన్నాను నిలిపి, కరెంటు లేని కొన్ని చోట్ల బ్యాటరీలు పెట్టి, ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు చూపిరి. తెలుగు పిల్లలు తెలుగులోనే పాఠములు చూచిరి. ఏడాది గడచినంతనే గడువు ముగిసినది, ఉపగ్రహము మరలిపోయినది. సాధనములు వచ్చును, పోవును. బడిలో నిలిచియుండునవి ఉపాధ్యాయుని నేర్పు, ఊరివారి శ్రద్ధ - ఈ రెండే.

నేడు సాధనములు సులభమైనవి. పాఠ్యపుస్తకములోని చదరపు గుర్తును, అనగా క్యూఆర్ కోడును, ఫోనుకు చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన దృశ్యము వచ్చును. 2017లో ప్రారంభమైన ‘దీక్ష’ అను ఏర్పాటు ద్వారా ఇది సాధ్యమైనది. ఇంటర్నెట్టు సరిగా అందని ఊరిలో ఉపాధ్యాయుడు ముందుగానే పాఠమును ఫోనులో దింపుకొని, మరునాడు తరగతిలో చూపవచ్చును. పది దినములలో మొలకెత్తు విత్తనమును తెర ఒక్క నిమిషములో చూపును. సముద్రమెరుగని పిల్లవానికి అలను చూపును. కాని ఆ పిల్లవాడు ‘మ’ను ‘య’గా చదివినచో, ఆ దృశ్యము ఆగి దిద్దజాలదు. దిద్దవలసినది ఉపాధ్యాయుడే.

కొంతకాలము క్రిందట నేనొక గ్రామమునకు పోయితిని. ఊరి పేరు చెప్పను. ఆ బడిలో గోడకు పెద్ద టెలివిజను కలదు. దానిపై తెల్లని గుడ్డ కప్పి యున్నది. ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమబొట్టు చెదరలేదు. ప్లగ్గు కాలిపోయి నాలుగు నెలలైనదట. “బాగుచేయించి వాడితే, మళ్ళీ ఏమైనా అయితే నన్నడుగుతారండీ” అని ప్రధానోపాధ్యాయురాలు చెప్పినది. నా ప్రక్కనే నిలిచిన సర్పంచి, “నాకెవరూ చెప్పలేదమ్మా!” అనెను. ఇద్దరి మాటయు నిజమే.

అదే బడిలో మూడవ తరగతి బాలిక యొకతె పుస్తకము పట్టుకొని గడగడ చదివినది. పుటమధ్యమున ఒక వాక్యముపై వ్రేలుంచి, “ఇది చదువు తల్లీ” అంటిని. ఆమె తల వంచుకొనినది. పాఠమంతయు కంఠస్థము, అక్షరము రాదు. ఫోనులోని హాజరు పట్టీలో మాత్రము ఆమె ఒక్కనాడైనను బడి మానలేదు. అయ్యలారా, అమ్మలారా! హాజరు లెక్క ఆమె బడికి వచ్చినదని చెప్పినది. ఆమెకు చదువు వచ్చినదా అని ఎవరును అడుగలేదు.

ఆ అడుగవలసినవారిలో మనమును ఉన్నాము. రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక విద్యను పేర్కొన్నది. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము తన పరిధిలోని పదునాలుగేండ్లలోపు పిల్లల వివరములుంచుట స్థానిక సంస్థ విధి. పాఠశాల యాజమాన్య సంఘములో తల్లిదండ్రులతోపాటు స్థానిక సంస్థ ప్రతినిధులకును స్థానము కలదు. కావున నాలుగు పనులను మీ ముందుంచుచున్నాను.

మొదటిది: బడిలోని వైరు, స్విచ్చి, ప్లగ్గు నెలకొకసారి చూపించుడు. చిన్న మరమ్మతు వారము దాటరాదు. ఖర్చు బడి నిధినుండియా, పంచాయతీ నుండియా అనునది ముందే తేల్చుకొనుడు.

రెండవది: ఉపాధ్యాయుల భయమును పోగొట్టుడు. పిల్లలకు పాఠము చెప్పుచుండగా సాధనము చెడినచో నిందింపబోమని సభలోనే చెప్పుడు. బీరువాలో భద్రముగా నున్న ట్యాబు ఎవరికిని ఉపకరింపదు.

మూడవది: బడిలోని కంప్యూటరు జాబితాను ఊరిలోని పిల్లల జాబితాతో పోల్చి చూడుడు. వలసపోయి తిరిగివచ్చిన కుటుంబముల పిల్లలు, మేకలవెంట పోవు పిల్లలు ఒక పట్టీలో నుండి మరియొక పట్టీలో లేకుండుట కలదు. ఆ తేడాయే మీరు ఎవరి ఇంటికి పోవలెనో చెప్పును.

నాలుగవది: యాజమాన్య సంఘ సమావేశమున ప్రతిసారి ఒక్క ప్రశ్న వేయుడు: “మూడవ తరగతిలో ఎందరు పిల్లలు తమంతట తాము చదువగలరు?” 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘నిపుణ్ భారత్’ లక్ష్యమును ఇదియే: మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డకు చదువుట, లెక్క చేయుట రావలెను. ఈ ప్రశ్నను ఉపాధ్యాయుని చిన్నబుచ్చుటకు గాక, “మేమేమి సాయము చేయగలము?” అను మాటతో కలిపి అడుగుడు.

నేను చెప్పిన గ్రామమున సర్పంచి ఆ సాయంకాలమే ఎలక్ట్రీషియనును పిలిపించెను. మూడు నెలల తరువాత నేను మరల పోయితిని. ప్రధానోపాధ్యాయురాలు కొంతసేపు తెరపై పాఠము చూపి, దానిని ఆపి, ఒక్కొక్క బిడ్డచేత పుస్తకము చదివించుచున్నది. ఆ బాలిక వ్రేలితో అక్షరములు కూడబలుకుకొనుచు రెండు వాక్యములు చదివినది. మూడవదానిలో తడబడినది. ఈసారి తల వంచుకొనలేదు, “టీచర్, ఇదేమిటి?” అని అడిగినది.

మీ గ్రామములకు తిరిగి వెళ్ళిన వెంటనే ఒక్కసారి బడికి పోయి చూడుడు. తెరపై గుడ్డ కప్పి యున్నచో తీయించుడు. పిదప ఒక బిడ్డను పిలిచి, పుస్తకము మధ్యనుండి ఒక వాక్యము చదివించుడు.