వెండితెరపై వరద
(పల్సానా తెలుగువారి సభలో చేసిన ప్రసంగపాఠము)



1957లో మెహబూబ్ ఖాన్ నిర్మించిన ‘మదర్ ఇండియా’ చిత్రములో వరద పైరును ముంచును, పసిబిడ్డను బలిగొనును. ఊరు విడిచిపోవు జనులను రాధ ఆపును. అందలి భయమంతయు ఆకాశమునుండి దిగినదే.

కాని 2006 ఆగస్టులో మన పొరుగునున్న సూరతును ముంచిన తాపీజలము ఉకాయి ఆనకట్ట తలుపులు దాటి వచ్చినది. ఎగువ వర్షము దైవికము. నీటిని ఎప్పుడు, ఎంత విడువవలెనన్నది మానుషము.

1977 నవంబరు 19న మన దివిసీమలో ఉప్పెనకు వేలమంది బలియైరి. సముద్రమును ఆపజాలము; ముందే హెచ్చరించి జనులను తరలింపగలము.

చిత్రము ముగియగానే ప్రేక్షకుని కన్నీరు ఆరును. ఉద్యోగులమైన మనకు మాత్రము ఆ భయము కర్తవ్యమై మిగులవలెను. హెచ్చరిక తెచ్చిన కాగితము మన బల్లపై ఒక్క పూటయైనను నిలిచిపోరాదు.