విష్ణుశర్మ బెంచీ మీద కూర్చుంటే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి యంత్రాల గురించి మాట్లాడమంటారనుకున్నాను. "నీకు ఇష్టమైన రచయితను పిల్లలకు పరిచయం చెయ్యి" అన్నారు నిర్వాహకులు. సంతోషంగా ఒప్పుకున్నాను.

ఆ రచయిత విశ్వనాథ సత్యనారాయణ గారు. పేరు వినగానే కొందరు భయపడతారని తెలుసు. రామాయణ కల్పవృక్షం రాసి తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చిన మహాకవి. వేయిపడగలు చేతిలోకి తీసుకుంటేనే బరువు. నేను చదవమనేది అవి కాదు. ఆయనే రాసిన రెండు చిన్న పుస్తకాలు: 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు', 'హాహాహూహూ'. రెండూ నవ్విస్తాయి. రెండూ "ఇలా జరిగితే ఏమవుతుంది?" అనే ఊహ మీద నడుస్తాయి.

ఇలాంటి కథలను నేను నా వృత్తి దృష్టితో చూస్తాను. ఒక కట్టడం గట్టిదో కాదో తెలియాలంటే మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి లెక్క వేస్తాం. బరువు రెట్టింపైతే? గాలి పెరిగితే? అప్పుడు ఎక్కడ బలహీనత ఉందో బయటపడుతుంది. ఊహాత్మక కథకుడు మన సమాజం మీద ఆ పరీక్షే చేస్తాడు. విశ్వనాథ వారు పుట్టిన 1895లోనే ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ 'టైమ్ మెషీన్' వచ్చింది. వెల్స్ తర్వాత రాసిన ఒక కథలో చూపున్నవాడు అందరూ గుడ్డివాళ్లే ఉన్న లోయలోకి వెళతాడు. అక్కడి వైద్యుడు అతని కళ్లే రోగమని తేలుస్తాడు. ఒక్క షరతు మారితే ఎవరు ఆరోగ్యవంతుడో, ఎవరు రోగో తారుమారైపోయింది.

విశ్వనాథ వారు మార్చిన షరతు చూడండి. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, మహాభారతంలో పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన సోమయాజి ఈ కాలపు మనిషికి కలలో కనబడి ఇంగ్లీషు నేర్పమంటారు. అంతే కథ. కానీ ఆ విష్ణుశర్మ ఎవరు? చదువు అబ్బని ముగ్గురు రాజకుమారులను ఆరు నెలల్లో నీతికోవిదులను చేసినవాడు. లోకంలో అంతటి పేరున్న అయ్యవారు ఇప్పుడు విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్నాడు. చెప్పినదానికల్లా తల ఊపి ఊరుకునే విద్యార్థి కాడు, ఎందుకని అడుగుతాడు. పాఠం చెప్పేవాడికి చెమటలు పడతాయి.

ఆ పుస్తకం చదువుతుంటే మన తరగతి గదులు గుర్తుకొస్తాయి. పి-యు-టి 'పుట్' అయితే బి-యు-టి 'బట్' ఎందుకైంది? 'నైఫ్'కు ముందు 'కె' ఎందుకు? ఐదు అచ్చులతో అన్ని ధ్వనులు ఎలా పలుకుతారు? ఈ ప్రశ్నలు మన ఊరి పిల్లలు అడిగితే మొద్దులని పేరు. విష్ణుశర్మ లాంటివాడు అడిగితే శాస్త్రచర్చ. ప్రశ్న ఒక్కటే, అడిగినవాడి హోదా మారింది. మన పిల్లలకు నేను ఇవ్వాలనుకున్న మాట ఇదే: ఇంగ్లీషు మీకు అర్థం కాకపోతే తెలివి లేదని కాదు. ఆ భాషకు దాని చరిత్ర వల్ల వచ్చిన వంకరలున్నాయి. వాటిని కంఠస్థం చేయాలి, తప్పదు. కానీ తల దించుకుని కాదు.

ఇంకో మాట. మన కంబదూరు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి. పావగడ వైపు చుట్టాలున్న పిల్లవాడు బడికి వచ్చేసరికే రెండు భాషల్లో కొట్లాడగలడు. అలాంటివాడు మూడో భాష దగ్గర సిగ్గుపడటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక 'హాహాహూహూ'. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర ఒక వింత జీవి పడి ఉంటుంది. గుర్రం తల, మనిషి ఒళ్లు, రెక్కలు. మన పురాణాలు తెలిసినవాళ్లు గంధర్వుడంటారు. లండన్ వాళ్లకు జంతువు. బోనులో పెడతారు, పరీక్షిస్తారు. అది సంస్కృతంలో మాట్లాడుతుంది! ఆ భాష వచ్చిన పండితులను పిలిపించాల్సి వస్తుంది. బోను బయట ఉన్నవాళ్లు లోపలివాణ్ణి పరిశీలిస్తుంటే, లోపలివాడు బయటివాళ్ల నాగరికతను పరిశీలిస్తుంటాడు. చివరికి ఏమవుతుందో చెప్పను. మీరే చదువుకోండి.

విశ్వనాథ వారి అభిప్రాయాలన్నీ నేను ఒప్పుకోను. పాతదంతా గొప్పదన్న ధోరణి ఆయనలో బలంగా ఉంటుంది. 'హాహాహూహూ' చదివినప్పుడల్లా నాకొక ప్రశ్న వస్తుంది. ఆ గంధర్వుడు సంస్కృతంలో మాట్లాడాడు కాబట్టి పండితులు వచ్చారు. మన అనంతపురం యాసలో మాట్లాడి ఉంటే ఎవరైనా వచ్చేవారా? శెనగచేలో కలుపు తీసే మన అవ్వ మాటకు ఆ మర్యాద దక్కేదా? సినిమాల్లో మన యాసను ఎవరి నోట పెడతారో మీకు తెలుసు. ఆ కథ విశ్వనాథ వారు రాయలేదు. అది మనలో ఎవరో రాయాలి. నచ్చిన రచయితతో పేచీ పెట్టుకోవడం కూడా చదవడమే, పిల్లలూ.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'. అది నవ్విస్తూ లోపలికి తీసుకుపోతుంది. తర్వాత 'హాహాహూహూ'. అక్కడక్కడా సంస్కృత పదాలు అడ్డొస్తే ఆగకండి, దాటుకుపోండి. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు తడుముకునే మన మిత్రుల పిల్లలకు కూడా దారుంది. వెల్చేరు నారాయణరావు గారు ఈ రెండింటినీ ఇంగ్లీషులోకి అనువదించారు, 2018లో పెంగ్విన్ వాళ్లు ఒకే పుస్తకంగా వేశారు. విష్ణుశర్మ ఇంగ్లీషు నేర్చుకున్నాడో లేదో గానీ, ఆయన కథ మాత్రం ఇంగ్లీషు నేర్చుకుంది.

చివరగా ఒక ప్రతిపాదన. ఈ రెండు పుస్తకాలవీ ఐదేసి ప్రతులు మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున బడి గ్రంథాలయానికి ఇద్దాం. బీరువాలో పెట్టి తాళం వేయకుండా, వారానికొక పీరియడ్ ఎనిమిదో తరగతిలో పైకి చదివించమని అయ్యవార్లను కోరుతున్నాను. చదివేటప్పుడు ఎవరైనా పిల్ల లేచి "ఎందుకు సార్?" అని అడిగితే దయచేసి కూర్చోమనకండి. సెలవు.