అందరి మధ్య ఒక పీట



మెదడు ఎదిగే దశలో, అంటే పుట్టుకకు ముందో, కాన్పు సమయంలోనో, ఆ తరువాత పసితనంలోనో దానికి హాని కలిగితే కొందరు పిల్లల కండరాలు బిగుసుకుపోతాయి. కొందరిలో పట్టు తప్పుతాయి. దీనినే సెరిబ్రల్ పాల్సీ అంటారు. ఇటువంటి బిడ్డకు రెండు మూడేళ్లు వచ్చినా నడుము నిలవకపోవచ్చు. అప్పుడు ఆ బిడ్డ చోటు తల్లి చంక, లేదా అంగన్‌వాడీలో ఒక మూల చాప. తోటిపిల్లల పాట వినబడుతుంది, కనబడేది మాత్రం పైకప్పు. ఆ బిడ్డను నలుగురిలోకి తేవడానికి ముందుగా కావలసింది తగిన ఆసనం.

నడుము నిలవని బిడ్డ పడిపోకుండా ఉండటానికే తన చేతులనూ, శక్తినీ వాడుకుంటాడు. ఆ పని పీట చేసిపెడితే చేతులు ఆటకు వస్తాయి. తిండి సంగతి ఇంకా ముఖ్యం. పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి తినిపిస్తే పొలమారుతుంది. పాలు, మెతుకులు ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి తినిపిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది.

మరి పీట ఎలా ఉండాలి? కూర్చున్నప్పుడు తుంటి, మోకాలు, చీలమండ సుమారు లంబకోణంలో వంగాలి. పిరుదులు వెనుక పలకకు ఆనాలి. పీట లోతు పిరుదుల వెనుకనుంచి మోకాలి మడత దాకా కొలిచి, రెండు వేళ్ల వెడల్పు తగ్గించాలి. ఎత్తు మోకాలి మడతనుంచి మడమ దాకా. పాదాలు వేలాడకూడదు. ముందున్న బల్ల మోచేతుల ఎత్తులో ఉండాలి. తుంటిమీదుగా ఒక మెత్తని పట్టీ కట్టాలి. కాళ్లు కత్తెరలా పెనవేసుకునే బిడ్డకు మోకాళ్లమధ్య గుడ్డ చుట్టిన దిమ్మ పెట్టాలి. పక్కకు ఒరిగే బిడ్డకు రెండు పలకలు మూలగా కలిపిన ఆసనం మేలు.

దీనిని ఊరి వడ్రంగి చేయగలడు. జింబాబ్వేలో బెవిల్ ప్యాకర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో పాత కాగితాలు, అట్టలు, పిండి జిగురు పొరలుపొరలుగా అతికించి, బాగా ఆరనిచ్చి గట్టి కుర్చీలు చేస్తారు. అయితే కొలతలు ఫిజియోథెరపిస్టుకో, ఆక్యుపేషనల్ థెరపిస్టుకో చూపించాలి. చెన్నై దగ్గర ముట్టుకాడులోనూ, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోనూ, ముంబైలో హాజీ అలీ దగ్గరా ఇందుకు కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. అంత దూరం పోలేనివారు జిల్లా ఆసుపత్రిలో అడగవచ్చు.

ఒక జాగ్రత్త. ఎంత మంచి పీట అయినా బిడ్డను రోజంతా అందులో ఉంచరాదు. అరగంటకో, ఇంకాస్త ముందో భంగిమ మార్చాలి. చర్మం ఎర్రబడిందేమో చూడాలి. బిడ్డ ఎదిగేకొద్దీ మళ్లీ కొలవాలి.

మరొక మాట. పిల్లలంతా నేలమీద కూర్చున్నచోట ఈ బిడ్డ ఒక్కడినే ఎత్తు కుర్చీలో పెడితే మళ్లీ వేరుపడినట్లే. పొట్టి పీట వేసి, అందరినీ దాని చుట్టూ కూర్చోబెట్టాలి. మన ఇళ్లలో తెలుగు. అంగన్‌వాడీలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. ఇంకా మాట రాని బిడ్డ ముఖాలు చూసే ఎంతో గ్రహిస్తాడు. ఆ ముఖాలు అతని కళ్ల ఎదుట ఉండాలి.

దివ్యాంగ బాలలను అంగన్‌వాడీలో కలుపుకొనే విధానాన్ని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2023 నవంబరులో విడుదల చేసింది. కనుక తల్లులారా, "మా బిడ్డను కూడా చేర్చుకోండి" అని అడగడానికి సంకోచించవద్దు. అంగన్‌వాడీ అక్కలారా, మీరు వారి ఇంటికి వెళ్లి బిడ్డను పిలవండి. బడికి వెళ్లే వయసు దాకా ఆగనక్కరలేదు. పక్కవాడితో ఆడుకోవడం, తన వంతుకోసం చూడటం పిల్లలు నేర్చుకునేది ఈ వయసులోనే.