కాలిన వేళ రాసి పెట్టండి



మన ఆర్మూరు పల్లెల్లో పసుపు ఉడకబెట్టే రోజులు వస్తే నాకు మా తమ్ముడే గుర్తొస్తాడు. 1962లో కడాయిలో మరిగే నీళ్లు వాడి నడుము కిందంతా పడ్డాయి. పెద్దలు పొక్కుల మీద పసుపు మెత్తి ఇంట్లోనే పడుకోబెట్టారు. మాట్లాడుతూనే ఉన్నాడు, పర్వాలేదనుకున్నాం. తెల్లారేసరికి దాహం, దాహం అంటూ చల్లబడిపోయాడు.

కారణం నాకు చాలా ఏళ్లకు చదివితే తెలిసింది. ఒళ్లు కాలగానే హిస్టమిన్ వంటి రసాయనాలు విడుదలై సన్నని రక్తనాళాల గోడలను జల్లెడ చేస్తాయి. రక్తంలోని నీరు, ఉప్పు, ప్రొటీన్లు బయటికి ఊరి వాపుగా చేరతాయి. మూత్రం తగ్గుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి కొంతసేపు మనిషిని నిలబెడతాయి. ఆ నిలకడ చూసే మేం మోసపోయాం.

1968లో అమెరికా డాక్టరు బాక్స్‌టర్ ఒక లెక్క చెప్పారు. కిలో బరువుకు, కాలిన ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించాలి. 60 కిలోల మనిషికి 30 శాతం కాలితే మొదటి రోజుకే 7 లీటర్లు దాటుతుంది. అందులో సగం 8 గంటల్లో పోవాలి. ఆ గంటలు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి లెక్క.

కాబట్టి కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయండి. ఐసు, పసుపు, సిరా వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉద్యోగమంతా హాజరు పట్టీలో వేళలు రాసినవాళ్లం. కాలిన వేళ కూడా చీటీ మీద రాసి డాక్టరు గారి చేతికివ్వండి.