విడిచిన వస్త్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవమున గ్రంథములను గూర్చి మాటలాడుట పరిపాటి. నేటి ప్రసంగము గ్రంథమును గూర్చి కాదు. గ్రంథమునకు చుట్టిన బట్టను గూర్చి. ఈ గ్రంథాలయపు బీరువాలో పై అరను పోతనగారి భాగవతమున్నది. దానికి చుట్టియున్న తెల్లని ఉత్తరీయమును చూడని చదువరి ఈ యూర లేడు. అది ఎక్కడినుండి వచ్చెనో ఎరిగినవారు మాత్రము నానాటికి పలుచబడుచున్నారు.

పుస్తకమునకు బట్ట చుట్టుట కొత్త సంగతి కాదు. తాటాకు ప్రతులను రెండు చెక్కపలకల నడుమ నుంచి, త్రాట బిగించి, పైన గుడ్డ చుట్టి దాచెడివారు. కరణముల లెక్కల దఫ్తరములకును ఎర్రగుడ్డయే కవచము. 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి. దఫ్తరములు ఊళ్లు వీడినవి. అయినను ఆ ఎర్రగుడ్డ మూట పెద్దలకు నేటికిని జ్ఞప్తియందున్నది.

పాతబట్టను ఊరక పారవేయుట తెలుగు ఇల్లాలికి చేతగాదు. కట్టి కట్టి మెత్తబడిన చీర ఉయ్యాల యగును. ఉయ్యాల చిరిగిన బొంత యగును. బొంత చివికిన మసిగుడ్డ యగును. కడపటి పేలిక నూనెలో తడిసి, ఊరేగింపునాడు దేవుని పల్లకి ముందర దివిటీయై వెలుగును. పుట్టిన బిడ్డను కొత్తబట్టలో పరుండబెట్టరు. తాతగారి పాతపంచెలోనో, అవ్వ చీరచెరుగులోనో చుట్టుదురు. మెత్తదనము ఒక కారణము. పెద్దల ఆయువు బిడ్డకు సోకవలెనను నమ్మకము వేరొకటి. మొదటిదానిని వైద్యులు ఒప్పుదురు; రెండవదానిని అడుగ నక్కరలేదు.

ఇక ఉత్తరీయము కథ. ఈ యూర ఒక నేతగాడుండెను. పగలెల్ల గుంటమగ్గమున కూర్చుండి నాడె ఆడించుట, ప్రొద్దు క్రుంకిన పిమ్మట అరుగుమీద భాగవతము చదువుట ఆతని దినచర్య. నలువది యేండ్లు దాటిన తరువాతనే, ఈ గ్రంథాలయపు బల్లయొద్ద, కూడబలుకుకొని చదువ నేర్చినవాడు. పద్మశాలీల మూలపురుషుడైన భావనాఋషి తామరతూళ్ల నారతో దేవతలకు వస్త్రము నేసెనని ఆ కులమువారు చెప్పుకొందురు. ఆతడును పిల్లలకా కథ చెప్పి, "దేవతలకు నేసినవానికి కూలి ఎంత యిచ్చిరో పురాణములో లేదు" అని నవ్వెడివాడట.

పడుగులలో మిగిలిన నూలు పోగుచేసి తనకొరకు ఆతడు నేసికొనినది ఆ యుత్తరీయమొక్కటే. గ్రంథాలయపు పుస్తకము ఇంటికి తెచ్చినప్పుడెల్ల దానిని ఒడిలో పరచి, దానిపై పుస్తకముంచి, చేతులు రెండుసారులు కడిగికొని పుటలు త్రిప్పెడివాడు. మగ్గపు గంజి కాగితమునకు అంటరాదని ఆతని యెఱుక. గంజి యంటిన కాగితమును పురుగు వెదకికొని వచ్చునని గ్రంథాలయములవారు ఎఱుగుదురు. ఆతనికది ఎవరును చెప్పలేదు.

ఆతడు కాలధర్మము నొందిన పిమ్మట కట్టిన బట్టలన్నియు ఆచారము చొప్పున ఇల్లు వెడలినవి. ఉత్తరీయమును మాత్రము భార్య దాచెను. పదిరోజులైన తరువాత ఈ సంగతి పొక్కినది. పోయినవాని బట్ట ఇంట నుండిన అరిష్టమని ఆడుబిడ్డ గొడవ పెట్టెను. కుమారుడు తల్లితో రెండుదినములు మాటలాడడాయెను. పెద్దమనిషి యొకరు వచ్చి గీత రెండవ అధ్యాయమును ఉదాహరించి, "చినిగిన బట్ట విడిచి కొత్తది కట్టినట్లు ఆత్మ దేహమును విడుచును. విడిచినదానిపై మమకారము తగునా అమ్మా?" అని బోధించెను.

అక్షరము రాని ఆ యవ్వ చెప్పిన బదులు అచ్చముగా ఇది: "ఆయన కొత్తబట్ట కట్టుకుంటే నాకు సంతోషమే బాబూ. విడిచిన బట్ట ఇంట్లోవాళ్లు ఉతికి మడత పెట్టరా?"

ఆ పెద్దమనిషి మారుమాట లేక లేచిపోయెను. శాస్త్రము పోయినవాని పక్షమున మాటలాడినది. మిగిలినవారి చేతిపనిని ఆమె చెప్పినది. ఈ రెండింటికి వైరము లేదు. అయినను ఊరి నోరు ఊరకుండదు గదా! మనుమరాలికి జ్వరము తగిలెను. నింద బట్టమీద పడెను. మూడవనాడు జ్వరము జారినది గాని అవ్వ మనసు చెదరినది. దేవునియందు ఆమెకు భక్తి; భర్తయందును భక్తియే. ఒకదానికొరకు ఒకటి విడువవలసివచ్చునేమోనని ఆమె నిద్ర మానెను.

ఏకాదశినాటి యుదయమున ఉత్తరీయమును ఉతికి, ఆరవేసి, మడిచి గ్రంథాలయమునకు తెచ్చెను. "ఇంట్లో ఉండకూడదన్నారు. ఆయన పుస్తకానికి చుట్టండి" అనెను.

సంఘమువారిలో అభిప్రాయభేదము కలిగెను. మృతుని బట్ట భాగవతమునకా యని ఒకరు. వేటపాలెము సారస్వతనికేతనమున గాంధీమహాత్ముని చేతికఱ్ఱ భద్రపరచియున్నారు గదా యని మరియొకరు. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయపు భవనమునకు 1929లో మహాత్ముడు శంకుస్థాపన చేసెను. మహాత్ముని కఱ్ఱకు నేతగాని గుడ్డకు సాటియా యని మొదటివారు. 1921లో మధురలో తన దుస్తులను కొల్లాయిగుడ్డకు కుదించుకొన్న మహాత్ముడే ఆ ప్రశ్న విన్నచో ఏమనియుండునో! వాదము దీపాలవేళ దాక సాగెను. అవ్వ గడపయొద్దనే కూర్చుండెను. ఎవరును ఆమెను పొమ్మనలేదు. లోనికి రమ్మనను లేదు. ఈ సంగతి దాచుట తగదు.

తుదకు మూలనున్న ముసలి చందాదారొకరు, దినపత్రిక మడచి, దశమస్కంధములోని కుచేలుని జ్ఞప్తికి తెచ్చిరి. చినిగిన బట్టకొంగున ముడివేసి తెచ్చిన అటుకులను శ్రీకృష్ణుడు తానే విప్పికొని తినెను. ఆ కొంగు ఎన్నినాళ్ల పాతదో, ఎవరు కట్టి విడిచినదో ద్వారకలో ఎవ్వరును అడుగలేదు. "ఆ కథ ఉన్న పుస్తకానికా మీరు బట్ట వెదుకుతున్నది?" అని ఆయన మరల పత్రిక విప్పిరట. అభ్యంతరము చెప్పినవారే లేచి బీరువా తాళము తీసిరి.

అటుపిమ్మట ప్రతి శనివారము అవ్వ వచ్చెడిది. ముడి తానే విప్పును. ఎవరైన బడిపిల్లవాడు నాలుగు పద్యములు చదువును. తప్పుచదివిన, అర్థము తెలియకున్నను, "ఆయన అట్లా అనేవాడు కాదు" అని దిద్దును. చెవితో నేర్చిన పాఠమది. మరల తానే మడిచి ముడివేయును. ఆ ముడి నేతవారి ముడి; నూలు తెగినప్పుడు పోగును పోగును కలుపునది. ఆమె పోయిన పిమ్మట ఎందరు ప్రయత్నించినను ఆ ముడి సరిగా కుదురలేదు.

నిరుడు వానకాలమున ఉత్తరీయపు ఒక కొస చీలెను. నాడు జ్వరపడిన ఆ మనుమరాలే వచ్చి కుట్టెను. వేళకు తెల్లదారము దొరకక నీలిదారముతో కుట్టినది. భాగవతము విప్పువారికి ఆ కుట్టు ఎడమచేతి వైపున కనబడును.