ఇంటింటికి వెళ్లు నర్సుకు ఒక ఇల్లు

చిత్తూరు నుండి తిరుపతికి పోవు బాటలో ఉన్నది పూతలపట్టు. చుట్టును మామిడితోటలు, చెరకుమళ్లు. ఈ ప్రాంతపు రోగికి పెద్ద వైద్యము కావలసివచ్చినచో ఒక దిక్కున తిరుపతి, మరొక దిక్కున వేలూరు కలవు. అక్కడ చికిత్స జరుగును, ప్రాణము దక్కును. ఆ పిమ్మట ఏమి? పక్షవాతముతో మంచము పట్టిన అవ్వను ప్రక్కకు త్రిప్పువారెవరు? పుండునకు కట్టు మార్చువారెవరు? కొడుకు బెంగుళూరులో ఉండును, కోడలు కూలికి పోవును. ఇట్టి యిండ్లకు శిక్షణ పొందిన నర్సు వెళ్లి చేయు సేవయే గృహశుశ్రూష.

అట్టి సేవాసంస్థ భవనము కొరకు చందాలడిగినప్పుడు, "ఇండ్లకు తిరుగువారికి భవనమెందుకు?" అని కొందరందురు. ప్రశ్న సమంజసమైనదే. దీనికి సమాధానము చరిత్రలో ఉన్నది.

1859లో లివర్‌పూల్ నగరమున విలియం రాత్‌బోన్ అను వర్తకుడు, తన భార్యకు అంత్యదినములలో సేవచేసిన మేరీ రాబిన్సన్ అను నర్సునే నియమించి పేదల ఇండ్లకు పంపెను. ఆ దైన్యమును చూచి ఆమె మొదట కంటతడితో తిరిగివచ్చినది. అయినను పని విడువలేదు. ఫలితము చూచి మరికొందరిని నియమింపబోగా శిక్షణ గల నర్సులే దొరకలేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ సలహాపై రాత్‌బోన్ నర్సులకు శిక్షణాలయమును, నివాసమును కట్టించెను. ఇంటింటికి తిరుగువారికి నేర్చుకొనుటకు, పరికరములు శుద్ధిచేసికొనుటకు, మందులు భద్రపరచుటకు, రాత్రివేళ పిలుపు అందుకొనుటకు ఒక చోటు కావలయును గదా.

మన చెంతనే ఉన్న వేలూరు కథయు ఇట్టిదే. ఇడా స్కడ్డర్ వైద్యవిద్య ముగించి అమెరికా నుండి తిరిగివచ్చుటకు ముందు, స్త్రీల ఆసుపత్రికి 8 వేల డాలర్లు సమకూర్చు భారము ఆమెపై పడినది. న్యూయార్కు బ్యాంకరు షెల్ దివంగతురాలైన తన భార్య పేర 10 వేల డాలర్లిచ్చెను. 1902లో ఆసుపత్రి తెరువబడినది. ఆనాడు వేలూరు, పూతలపట్టు రెండును ఉత్తరార్కాటు జిల్లాలోనివే. చిత్తూరే దానికి ముఖ్యపట్టణము. భవనము లేచినదని ఆమె అందులోనే కూర్చుండలేదు. వారమువారము గుడియాత్తము బాట పట్టి, దారిలో చెట్లక్రింద రోగులను చూచెను. 1909లో నర్సుల శిక్షణయు ప్రారంభమయ్యెను.

ఇక ధనము సంగతి. షెల్ వంటి దాత అందరికి దొరకడు. కాని మన పల్లెలకు చందా విద్య కొత్తది కాదు. ద్రౌపదమ్మ గుడి వద్ద భారతము జరుపవలెనన్న ఇంటికింతయని వసూలు చేయుదురు. ధనము లేనివాడు ధాన్యమిచ్చును, అదియు లేనివాడు పందిరి వేయును. 1993లో కోజికోడులో ఆరంభమైన ఉపశమన వైద్యసేవ కేరళమంతటను వ్యాపించుటకు ఇట్టి చిన్న చందాలు, ఇరుగుపొరుగువారి శ్రమయే ఊతములైనవి. హైదరాబాదులో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారు 2011లో నెలకొల్పిన స్పర్శ్ హాస్పిస్ కూడ దాతల ఆదరణతోనే పెరిగి, 2022లో ఖాజాగూడలో కొత్త భవనమును చేరినది.

అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. గోడలకు ధనమిచ్చుటకు చాలమంది ముందుకు వత్తురు, రాతిపై పేరు నిలుచును గనుక. నర్సు జీతమునకు, బండి ఖర్చునకు, దూదికి, గుడ్డకు ఇచ్చువారు అరుదు. అందరును గోడలకే ఇచ్చినచో భవనమునకు తాళము పడును, అవ్వ పుండునకు కట్టు మారదు. కావున చందా పుస్తకములో మొదటినుండియు రెండు పద్దులుండవలెను: ఒకటి కట్టడమునకు, రెండవది నెలనెల సేవకు. రెండింటి లెక్కను నెలకొకసారి రచ్చబండ వద్ద చదివి వినిపింపవలెను. లెక్క విన్న ఊరు మరల ఇచ్చును.

మీ యింటికి చందా పుస్తకము వచ్చిన దినమున ఆ రెండవ పద్దును అడిగి చూడుడని, శక్తికొలది అందులోను కొంత వ్రాయుడని మా మనవి.